ఏరేటర్ షాఫ్టు ఒకే చోట ఎందుకు విరిగింది: మైపాడు వైపు రొయ్యల చెరువుల నుంచి ఒక కేస్ స్టడీ

నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట మండలంలో, మైపాడు వైపు, ఒక వనామి రొయ్యల సాగు. చెరువుల్లో తిరిగేవి మామూలు 2 హెచ్‌పీ ప్యాడిల్ వీల్ ఏరేటర్లు, అంటే చక్రాలతో నీటిని చిలికి ఆక్సిజన్ కలిపే యంత్రాలు. మధ్యలో మోటారు, గేర్‌బాక్స్. రెండు పక్కలా 25 మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ స్టీల్ షాఫ్టు, ఒక్కో పక్క రెండు చక్రాలు, చివర షాఫ్టును పట్టుకుని ఉండే నైలాన్ బుష్. కంపెనీ నుంచి వచ్చిన షాఫ్టులు కొన్ని పంటలు బాగానే లాక్కొచ్చాయి. అవి పోయాక నెల్లూరులో లేత్ మీద తిప్పించి వేసినవి మాత్రం పంట పూర్తి కాకముందే విరగడం మొదలైంది. విరిగే చోటు ప్రతిసారీ ఒకటే. గేర్‌బాక్స్‌ను షాఫ్టుతో కలిపే కప్లింగ్‌లో కూర్చోవడానికి షాఫ్టును 25 నుంచి 20 మిల్లీమీటర్లకు తగ్గిస్తారు కదా, ఆ మెట్టు మూల దగ్గర.

రైస్ మిల్లులు, ఐస్ ఫ్యాక్టరీలు, ఆక్వా చెరువుల్లో విరిగిన యంత్ర భాగాలను చూసి కారణం తేల్చడం నా పని. ఈ కేసును మొదటి నుంచి చివరి దాకా రాయాలనిపించడానికి ఒక కారణం ఉంది. లోహం ఎలా పగులుతుంది, పగులు రోజుకు ఎంత ముందుకు పోతుంది అనే శాస్త్రం మన బీటెక్, డిప్లొమా సిలబస్‌లో చాలామందికి తగలదు. తగిలినా పరీక్షతోనే పోతుంది. కానీ ఈ ఒక్క షాఫ్టు ముక్కలో ఆ శాస్త్రం మొదటి పాఠాలన్నీ ఉన్నాయి. నేర్చుకోవడానికి కావలసిన సామగ్రి కూడా ఇప్పుడు ఉచితంగా దొరుకుతోంది.

ముందు ఇది ఎంత పెద్ద సమస్యో చెప్పాలి. పగలు ఎండలో ప్లాంక్టన్ ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి అదే ప్లాంక్టన్ ఆక్సిజన్ తీసుకుంటుంది. తెల్లవారుజామున చెరువులో డీఓ (నీటిలో కరిగిన ఆక్సిజన్) అట్టడుగుకు దిగుతుంది. వనామికి లీటరుకు 4 మిల్లీగ్రాముల పైన ఉంటే రైతు నిశ్చింతగా ఉంటాడు. 3 దగ్గరకు వస్తే టెన్షన్ మొదలు. షాఫ్టు విరిగేది కూడా ఎక్కువగా ఏరేటర్లన్నీ తిరుగుతున్న ఆ రాత్రి వేళలోనే. ఒక పక్క చక్రాలు ఆగిపోయినా మోటారు శబ్దం పెద్దగా మారదు. కాపలా మనిషి టార్చి వేసి నురగ చూస్తే తప్ప తెలియదు. నాలుగు నెలల పెట్టుబడి ఒక్క తెల్లవారుజామున తేలిపోవచ్చు.

ఎవరి అనుమానం వారిది

"సార్, ఈ రాడ్డే దొంగ సరుకు. అయస్కాంతం పెడితే అంటుకుంటా ఉంది చూడండి" అన్నారు రైతు. మంచి స్టెయిన్‌లెస్‌కు అయస్కాంతం అంటదని మన దగ్గర అందరూ నమ్ముతారు. 304 గ్రేడు విషయంలో ఇది సగమే నిజం. కరిగించి, చల్లార్చి, సరిగా అనీల్ చేసిన (వేడి చేసి మెత్తబరిచిన) 304 అయస్కాంతానికి దాదాపు అంటదు. అదే రాడ్డును చల్లగా ఉండగానే డై గుండా లాగి సైజుకు తెస్తే, ఆ ఒత్తిడికి లోపలి నిర్మాణంలో కొంత భాగం మార్టెన్‌సైట్ అనే, అయస్కాంతానికి అంటే రూపంగా మారి కాస్త అంటుకుంటుంది. కాబట్టి అయస్కాంతం మీద ఆధారపడి సరుకు అమ్మినతన్ని నిలదీయడం సరికాదు. ముక్కను ల్యాబ్‌కి పంపాం. క్రోమియం 18 శాతం, నికెల్ 8 శాతం పైన వచ్చాయి. అది 304 గ్రేడే.

పనివాళ్ళు ఇంకో మాట చెప్పారు. తెగిన తాడో, నాచో చక్రానికి చుట్టుకుని ఒక్కసారిగా పట్టేసి ఉంటుందని. అది జరగని పని కాదు. అయితే అలా పట్టేసి విరిగితే షాఫ్టు మెలి తిరిగిన గుర్తు ఉండాలి. 304 మెత్తని, సాగే లోహం. ఒక్క దెబ్బకు విరగాలంటే ముందు బాగా మెలి తిరగాలి, షాఫ్టును కప్లింగ్‌తో కలిపి తిప్పే కీ కూర్చునే గాడి, అంటే కీవే కూడా తిన్నగా ఉండదు. నా చేతికొచ్చిన ముక్కల్లో కీవే స్కేలు పెట్టి గీసినట్టు ఉంది. తెగిన ముఖం షాఫ్టుకు అడ్డంగా, చదునుగా ఉంది. పదేపదే మెలి పడి పుట్టిన అలసట పగులు సాధారణంగా 45 డిగ్రీల వాలుతో పోతుంది. మెలి గుర్తు లేకుండా చదునుగా అడ్డంగా పోయిందంటే వంపు వల్ల, అదీ కొద్దికొద్దిగా, పదేపదే పడిన బలానికి అలసటతో (ఫెటీగ్) తెగిందని అర్థం.

ఒక షాఫ్టును విరిగిన చోట వెల్డింగ్ పెట్టి మళ్ళీ వాడారు. అది వెల్డింగ్‌కి ఆనుకుని విరిగింది. 304ను అలా అతికితే అతుకు పక్కన వేడెక్కిన పట్టీలో క్రోమియం కార్బైడులుగా విడిపోయి ఉప్పునీటికి తట్టుకునే గుణం తగ్గుతుంది. పైగా లోపల ఒత్తిళ్ళు నిలిచిపోతాయి. దాన్ని ఈ లెక్కలో నుంచి తీసేశాను.

తెగిన ముఖం చెప్పింది

విరిగిన రెండు ముక్కలనూ ఒకదానికొకటి ఆనించి అతుకుతుందా అని చూడటం అందరికీ అలవాటు. దయచేసి ఆ పని చేయొద్దని ఫోన్‌లోనే చెప్పాను. ఆ రాపిడికి అసలు సాక్ష్యం చెరిగిపోతుంది. ముక్కలు వచ్చాక మెత్తని బ్రష్‌తో సబ్బు నీళ్ళలో కడిగి, అసిటోన్‌తో ఆరబెట్టి, పది రెట్ల భూతద్దం కింద పెట్టాను. టార్చి వెలుగు పైనుంచి కాకుండా పక్క నుంచి ఏటవాలుగా పడాలి. అప్పుడే గీతల నీడలు లేస్తాయి.

చుట్టూ అంచు వెంబడి సన్నని పళ్ళలాంటి మెట్లు కనిపించాయి. వీటిని రాచెట్ మార్క్స్ అంటారు. ఒక్క చోట కాకుండా మూల చుట్టూ చాలాచోట్ల చిన్న పగుళ్ళు పుట్టి, లోపలికి పోతూ ఒకదానితో ఒకటి కలిసినప్పుడు ఈ మెట్లు ఏర్పడతాయి. ఇది కనిపించగానే సరుకులో ఎక్కడో ఒక మచ్చ, ఒక లోపం ఉందన్న మాట దాదాపు కొట్టుకుపోతుంది. లోపం ఒక చోట ఉంటే పగులు ఒక చోటే పుట్టాలి. ఇక్కడ మూల మొత్తం దోషి. అయితే వాటిలో కీవే గాడి చివర ఉన్న పగులు అన్నింటికన్నా ముందు పుట్టి, అన్నింటికన్నా లోతుకు పోయింది. గాడిని సరిగ్గా మెట్టు దాకా కోశారు. రెండు బలహీనతలు ఒకే గీత మీదకు వచ్చాయి.

అక్కడి నుంచి లోపలికి వంపు గీతలు, ఒకదాని వెనక ఒకటి. బీచ్ మార్క్స్. పగులు కొంత దూరం పోయి, ఆగి, మళ్ళీ కదిలిన చోట గీత పడుతుంది. ఈ సాగులో ఎండ ఉన్న మధ్యాహ్నం ఏరేటర్లు కొన్ని గంటలు ఆపుతారు. ఆగినప్పుడు పగులులో ఉప్పునీరు నిలిచి ఆ హద్దు కాస్త గోధుమ రంగుకు తిరుగుతుంది. అంటే ఒక్కో గీత ఒక్కో రోజు నడకకు గుర్తు. పుట్టిన చోట గీతలు విడదీయలేనంత దగ్గరగా ఉన్నాయి. లోపలికి పోయేకొద్దీ ఎడం పెరిగింది. చివరి గీతల మధ్య వెర్నియర్ పెట్టి కొలిస్తే ఒకటిన్నర నుంచి రెండు మిల్లీమీటర్లు. ఆ తర్వాత, ఎదురు పక్కకు జరిగి, గరుకుగా చింపినట్టున్న చిన్న ముద్ద. చివరి క్షణంలో తెగిన భాగం అదే. మొత్తం ముఖంలో ఆరో వంతు కూడా ఉండదు.

ఆ చివరి ముద్ద ఎంత చిన్నదైతే షాఫ్టు మీద మామూలు బరువు అంత తక్కువ అని అర్థం. ఆరింట ఐదు వంతులు తెగాక కూడా ఆ ఒక్క వంతు చక్రాలను తిప్పుతూనే ఉంది. బరువుకు తట్టుకోలేక విరిగిన షాఫ్టు కాదిది. "ఇంకా లావు రాడ్డు వేద్దాం" అన్న ఆలోచనను రైతు అప్పుడే పక్కన పెట్టారు.

లెక్క

2 హెచ్‌పీ అంటే దాదాపు ఒకటిన్నర కిలోవాట్లు. గేర్‌బాక్స్ తర్వాత వేగం నిమిషానికి 100 తిరుగుళ్ళ చుట్టుపక్కల. టార్క్ (తిప్పే బలం) మొత్తం 140 న్యూటన్ మీటర్లకు కాస్త పైన, పక్కకు 70. చక్రం వ్యాసార్ధం 30 సెంటీమీటర్లు అనుకుంటే నీరు ఒక్కో పక్క చక్రాలను దాదాపు 240 న్యూటన్ల బలంతో వెనక్కి నెడుతుంది. ఆ బలం దిశ మారదు, షాఫ్టు మాత్రం తిరుగుతుంది. కాబట్టి ఉపరితలం మీద ఏ బిందువైనా ప్రతి తిరుగుడులో ఒకసారి సాగుతుంది, ఒకసారి నలుగుతుంది.

రోజుకు 16 గంటలు నడిస్తే 96,000 తిరుగుళ్ళు. నాలుగు నెలల పంటకు కోటి దాటుతుంది. ల్యాబ్‌లో ఉక్కు ముక్కను అలసట పరీక్షకు పెట్టినప్పుడు, కోటి తిరుగుళ్ళు దాటినా తెగకపోతే సాధారణంగా అక్కడితో ఆపి "తట్టుకుంది" అని రాస్తారు. మన రొయ్యల రైతు ఒక్క పంటలో ఆ పరీక్ష మొత్తం చేసేస్తున్నాడు, అదీ ఉప్పునీటిలో.

ఇప్పుడు బుష్ సంగతి. చక్రాల బలం గేర్‌బాక్స్ నుంచి అర మీటరు దూరంలో, బుష్ 70 సెంటీమీటర్ల దూరంలో ఉందనుకుందాం. బుష్ గట్టిగా పట్టుకుని ఉంటే మెట్టు దగ్గర వంపు బలం 22 న్యూటన్ మీటర్లే వస్తుంది. బుష్ అరిగి షాఫ్టు గాలిలో వేలాడితే అదే 120 అవుతుంది. అయిదు రెట్లకు పైన. ఆధారం లేకపోతే ఆ చివర 4 మిల్లీమీటర్లకు పైగా వంగుతుందని లెక్క. విరిగిన ఏరేటర్ల బుష్‌లను విప్పి చూస్తే ఇసుక, బురద రాపిడికి ఒక్కో పక్క అంత ఖాళీ ఏర్పడే ఉంది. అంటే పేరుకు బుష్ ఉంది, పని చేయడం లేదు.

20 మిల్లీమీటర్ల షాఫ్టు మీద 120 న్యూటన్ మీటర్లంటే ఒత్తిడి 150 మెగాపాస్కల్. గాలిలో పాలిష్ చేసిన 304కు అలసట హద్దు, అంటే ఎన్నిసార్లు పడినా తెగని ఒత్తిడి, 240 చుట్టుపక్కల ఉంటుంది. చదివిన పుస్తకం లెక్క ఇక్కడితో ఆగితే "భద్రం" అని వస్తుంది. నాకు తెలిసిన చాలా డిజైన్ లెక్కలు ఇక్కడే ఆగుతాయి. కానీ మెట్టు మూల వ్యాసార్ధం ఎంత? టర్నర్ టూల్ మొన ఎంత పదునుగా ఉంటే అంత. కొలిస్తే 0.2 మిల్లీమీటర్లు. డిజైన్ డేటా బుక్‌లో మెట్టు ఉన్న షాఫ్టు చార్టు తీసి చూస్తే, అంత పదునైన మూలలో ఒత్తిడి మూడు రెట్ల దాకా పెరుగుతుంది. 150 కాస్తా 450 అయింది. అదే మూలకు 2 మిల్లీమీటర్ల గుండ్రం ఇస్తే ఒకటిన్నర రెట్లకు కాస్త పైన, అంటే 250 దగ్గర ఆగుతుంది. ఖరీదైన గ్రేడు వేస్తే వచ్చే లాభం కన్నా టూల్ మొన మార్చితే వచ్చే లాభం ఎక్కువ.

గజాల లెక్కన గుడ్డ అమ్మే కొట్టులో చూడండి, చించే ముందు కత్తెరతో అంచున చిన్న గాటు పెడతారు. ఆ తర్వాత బలం అక్కర్లేదు, గుడ్డ తనంత తానే దారి చూపిస్తుంది. లోహంలో ఆ గాటు ఎంత లోతు ఉంటే చాలు అన్నది అసలు ప్రశ్న. దీనికి జవాబు ఒత్తిడితో రాదు. ఒత్తిడిని, పగులు లోతును కలిపి చెప్పే కొలత కావాలి. దాన్ని స్ట్రెస్ ఇంటెన్సిటీ ఫ్యాక్టర్ అంటారు, గుర్తు కె. ఒత్తిడిని పగులు లోతు వర్గమూలంతో గుణిస్తే వస్తుంది, ఆకారాన్ని బట్టి ఒక గుణకం చేరుతుంది. ఈ రకం ఉక్కులో కె మార్పు దాదాపు 5 మెగాపాస్కల్ రూట్ మీటర్లు దాటితే పగులు నికరంగా నడక మొదలుపెడుతుంది. 150 మెగాపాస్కల్ దగ్గర ముప్పావు మిల్లీమీటరు లోతు పగులు చాలు దానికి.

అక్కడి నుంచి నడక వేగాన్ని ప్యారిస్ సూత్రం ఇస్తుంది. 304 లాంటి ఆస్టెనిటిక్ స్టెయిన్‌లెస్‌కు అందరూ వాడే గుణకాలు వేస్తే, మొదట్లో పగులు రోజుకు ఒక మిల్లీమీటరులో పదో వంతు పోతుంది. 2 మిల్లీమీటర్ల లోతుకు చేరాక రోజుకు అర మిల్లీమీటరు. 5 మిల్లీమీటర్ల దగ్గర రోజుకు రెండు మిల్లీమీటర్ల పైన. భూతద్దం కింద చివరి బీచ్ మార్క్స్ మధ్య కొలిచింది కూడా ఒకటిన్నర, రెండు. కాగితం మీద లెక్క, చేతిలోని ఇనుము ఒకే మాట చెప్పినప్పుడు కలిగే ఆనందం వేరు. ఈ వృత్తిలో నన్ను ఇన్నేళ్ళు నిలబెట్టింది అదే.

ఈ లెక్క మరో విషయం కూడా చెప్పింది. పగులు నడక మొదలుపెట్టాక పది పన్నెండు రోజుల్లో షాఫ్టు పోతుంది. కాబట్టి పంటకోసారి, పట్టుబడి అయ్యాక తీరిగ్గా చూసే తనిఖీ ఒక్కటే సరిపోదు.

ఇది ఎక్కడ నేర్చుకోవచ్చు

దీన్ని అడిగేవాళ్ళు ఎక్కువ కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. మన కాలేజీల్లో స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్ బాగానే చెబుతారు. వంపు, మెలి, ఫ్యాక్టర్ ఆఫ్ సేఫ్టీ. అందులో లోహం ఎక్కడా పగులు లేని నిండు వస్తువు. నిజం లోహం అలా ఉండదు. ఈ తేడా పూడ్చుకోవాలంటే మొదట ఐఐటీ మద్రాస్ నుంచి ఎన్‌పీటీఈఎల్‌లో ఉన్న ఫ్రాక్చర్ మెకానిక్స్ (పగుళ్ళ శాస్త్రం) పాఠాలు చూడమంటాను. ఎన్‌పీటీఈఎల్ అంటే ఐఐటీలు, ఐఐఎస్‌సీ కలిసి 2003లో మొదలుపెట్టిన ఆన్‌లైన్ పాఠాల వేదిక, ఎవరైనా ఉచితంగా వినొచ్చు. ఒత్తిడిని రంగుల్లో చూపే ఫోటోఎలాస్టిసిటీ చిత్రాల్లో పగులు మొన చుట్టూ రంగుల పట్టీలు గుమికూడటం కళ్ళారా చూస్తే, సూత్రం తర్వాత దానంతట అదే అర్థమవుతుంది. ఇంగ్లీషు వేగంగా అనిపించే డిప్లొమా పిల్లలు సబ్‌టైటిల్స్ పెట్టుకుని, ఆపి ఆపి వింటే సరిపోతుంది.

చరిత్ర చదవడం నా దృష్టిలో కాలక్షేపం కాదు. 1842లో వెర్సాయ్ దగ్గర రైలింజను ఇరుసు విరిగి ఘోర ప్రమాదం జరిగింది. మరుసటి ఏడు రాంకిన్ అనే యువ ఇంజనీరు ఇరుసులు ఎందుకు ఊరికే విరుగుతున్నాయో పరిశీలించి, మెట్టు దగ్గర పదును మూల ఉంచకండి, నెమ్మదిగా వంపు తిప్పండి అని రాశాడు. అప్పటికి అతనికి పాతికేళ్ళు లేవు. మైపాడు దగ్గర విరిగిన మూల కూడా అదే. ఆ తర్వాత జర్మనీలో వోలర్ రైలు ఇరుసులను ఏళ్ళ తరబడి తిప్పి పరీక్షించి అలసట లెక్కలకు పునాది వేశాడు. 1913లో ఇంగ్లిస్ పలకలో కోడిగుడ్డు ఆకారపు రంధ్రం అంచున ఒత్తిడి ఎంత పెరుగుతుందో చెప్పాడు. మొన ఎంత సన్నబడితే ఒత్తిడి అంత, హద్దు లేదు. మరి మొన పూర్తిగా పదునైతే చిన్న బలానికే అంతా విరిగిపోవాలి కదా? ఆ చిక్కును 1921లో గ్రిఫిత్ గాజు మీద ప్రయోగాలతో విప్పాడు. పగులు ముందుకు పోవాలంటే కొత్త ఉపరితలం తయారవడానికి శక్తి కావాలి, ఆ శక్తి సమకూరితేనే పోతుంది అన్నాడు. దాన్ని ఇంజనీర్ల చేతికి అందేలా కె అనే కొలతగా 1957లో ఇర్విన్ మలిచాడు. 1961లో ప్యారిస్, అతని సహచరులు పగులు నడక సూత్రం రాస్తే పెద్ద పత్రికలు తిప్పి పంపాయి. చివరకు వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వెలువరించే ఒక పత్రికలో అచ్చయింది. ఇవాళ విమానం రెక్క తనిఖీ ఎన్ని గంటలకోసారి చేయాలో నిర్ణయించేది ఆ దారిలో వచ్చిన లెక్కలే.

ఇది ఎక్కడో జరిగే శాస్త్రం అనుకోనక్కర్లేదు. కల్పాక్కంలోని ఇందిరాగాంధీ అణు పరిశోధన కేంద్రంలో స్టెయిన్‌లెస్ ఉక్కుల అలసట మీద ఏళ్ళుగా పని జరుగుతోంది. 2022 దాకా మన జిల్లాలోనే ఉన్న శ్రీహరికోట నుంచి లేచే పీఎస్‌ఎల్‌వీ మొదటి దశ కేసింగ్ మారేజింగ్ స్టీల్‌తో చేస్తారు. అంత బలమైన ఉక్కులో వెల్డింగ్ దగ్గర ఎంత పగులు దాకా భరించవచ్చు అన్న ప్రశ్నకు జవాబు చెప్పేది కూడా ఈ కె కొలతే.

సాఫ్ట్‌వేర్ గురించి ఒక హెచ్చరిక. బొమ్మ గీసే ఫ్రీక్యాడ్, దాని వెనక ఒత్తిడి లెక్కించే కాల్‌క్యూలిక్స్ ఉచితం, నేర్చుకోవడానికి చాలా మంచివి. ఈ షాఫ్టును వాటిలో గీసిన ఒక విద్యార్థి పదును మూలను పదునుగానే వదిలాడు. మెష్ (లెక్క కోసం బొమ్మను విడగొట్టే చిన్న గడులు) చిన్నది చేసేకొద్దీ ఒత్తిడి పెరుగుతూనే పోయింది. "సార్, దీంట్లో ఏది కరెక్టు?" అని అడిగాడు. ఏదీ కాదు. గణితంలో ఆ మూల దగ్గర ఒత్తిడికి అంతు లేదు. మెష్ ఎంత నలిపినా ఒక సంఖ్య దగ్గర ఆగదు. మూలకు నిజమైన వ్యాసార్ధం ఇవ్వాలి, లేదా పగులుగా భావించి కె లెక్కించాలి. రంగుల బొమ్మలో ఎర్రగా కనిపించిన అంకెను రిపోర్టులో రాసేవాళ్ళను చాలామందిని చూశాను. ఒక్క ఇంగ్లిస్ సూత్రం చేత్తో చేసి ఉంటే ఆ ప్రమాదం ఉండదు.

లేత్ దగ్గర

ఆటోనగర్‌లో షాఫ్టులు తిప్పిన టర్నర్ పనితనంలో వంక పెట్టడానికి లేదు. కొలతలు నూరో వంతుకు సరిపోయాయి. మూల ఎందుకు అంత పదునుగా పెట్టారని అడిగితే చెప్పింది సూటిగా ఉంది: "మూలలో రౌండ్ ఉంటే కప్లింగ్ లోపలిదాకా పోదన్నా. మెట్టుకి ఆనకపోతే ఆట వస్తాది. అందుకే నీట్‌గా కొట్టేది." అతను చెప్పింది నిజం. మూల గుండ్రం చేస్తే కప్లింగ్ నోరు దానిమీద ఎక్కి నిలబడిపోతుంది. కాబట్టి షాఫ్టు ఒక్కటే మార్చమంటే పని జరగదు, కప్లింగ్ కూడా మారాలి.

మెట్టు ఎత్తు 2.5 మిల్లీమీటర్లు. దానిలో 2 మిల్లీమీటర్ల గుండ్రం, కప్లింగ్ నోటికి 2 మిల్లీమీటర్ల చాంఫర్ (ఏటవాలు కోత) ఇస్తే గుండ్రం తగలకుండా ఖాళీ ఉంటుంది, ఆనడానికి అర మిల్లీమీటరు అంచు మిగులుతుంది. షాఫ్టు పక్కకు జరగకుండా పట్టుకునే పని గ్రబ్ స్క్రూ చేస్తుంది. భూతద్దంలో తెగిన ముఖం చూపించి, ఆ గీతలు ఎక్కడ మొదలయ్యాయో వేలితో తడమమన్నాను. ఆయన కాసేపు చూసి, టూల్ బిట్ తీసి అప్పటికప్పుడు గ్రైండర్ మీద మొనకు రేడియస్ గేజ్‌తో 2 మిల్లీమీటర్లు పట్టారు. ఆ తర్వాత డ్రాయింగ్‌లో లేని ఒక పని ఆయనే చేశారు. మూలలో టూల్ గీతలు షాఫ్టు చుట్టూ అడ్డంగా ఉంటాయి, పగులు పుట్టడానికి అవే దారి. వాటిని ఎమరీతో పొడుగు దిశలో రుద్ది నునుపు చేశారు. ఆ చేతి తెలివిని ఏ కోర్సూ నేర్పదు.

కీవేను మెట్టు దాకా కోయకుండా 6 మిల్లీమీటర్ల ముందే ఆపాం. పొట్టి కీ సరిపోతుంది, టార్క్ అంత లేదు. నైలాన్ బుష్ కొత్తవి వేసి, ఖాళీని ఫీలర్ గేజ్‌తో చూసే అలవాటు పనివాళ్ళకు నేర్పాం. ఒక్కో పక్క మిల్లీమీటరు దాటితే మార్చేయాలి. బుష్ ధర షాఫ్టు ధరలో ఏ మూలకూ రాదు.

తర్వాత

మార్చిన షాఫ్టులతో ఒక పంట నడిచింది, ఏదీ విరగలేదు. విరగలేదంటే పగులు లేదని కాదు. అందుకే పట్టుబడి అయ్యాక అన్నింటినీ విప్పి డై పెనెట్రెంట్ పరీక్ష చేశాం. మూడు డబ్బాల పని. క్లీనర్‌తో తుడిచి, ఎర్ర రంగు స్ప్రే చేసి, అది సన్నని పగుళ్ళలోకి ఇంకే దాకా ఆగి, పైది తుడిచేసి, తెల్ల డెవలపర్ కొట్టాలి. పగులు ఉంటే తెల్లటి పొడి మీద ఎర్ర గీత నెమ్మదిగా పైకి తేలుతుంది. రైతు కొడుకు, డిప్లొమా చదువుతున్న అబ్బాయి, ఇప్పుడు ఈ పరీక్ష స్వయంగా చేస్తున్నాడు.

బుష్ బాగున్న ఏరేటర్ల షాఫ్టుల్లో ఎర్ర గీత రాలేదు. ఒక్క దానిలో వచ్చింది. గుండ్రం తిప్పిన మూలలోనే, వెంట్రుక మందాన, పావు అంగుళం పొడవు. దాని బుష్ పంట మధ్యలో అరిగిపోతే మార్చలేదని తర్వాత తెలిసింది. లెక్కలో 250 మెగాపాస్కల్ అని వచ్చింది గాలిలో హద్దు పక్కనే ఉంది. ఉప్పునీటిలో ఆ హద్దు ఇంకా దిగుతుంది. కాబట్టి గుండ్రం మూల అనే ఒక్క మార్పుతో ఈ సమస్య తీరదు. ఎక్కడ విరగాలో మూల నిర్ణయించింది, ఎంత తొందరగా విరగాలో బుష్ నిర్ణయించింది. రెండూ సరిచేయాలి. పంట మధ్యలో ఏరేటరును గట్టుకు లాగాల్సి వచ్చిన ప్రతిసారీ బుష్ ఖాళీ చూడటం, అనుమానం ఉంటే మూలకు రంగు వేయడం ఇప్పుడు వాళ్ళ పద్ధతిలో చేరింది.

ఒక విషయం ఇంకా తేలాలి. కప్లింగ్ కింద, గాలి తగలని ఇరుకులో, 304 మీద సూదిమొన గుంటలు కనిపించాయి. ఉప్పునీరు నిలిచే చోట క్లోరైడు చేసే పని అది. ముప్పావు మిల్లీమీటరు పగులే నడకకు చాలు అన్నప్పుడు ఈ గుంటలను తేలిగ్గా తీసుకోలేం. మాలిబ్డినం ఉన్న 316కు మారితే గుంటలు తగ్గుతాయి, ధర పెరుగుతుంది. కప్లింగ్ లోపల గ్రీజు నింపి నీటిని రానీయకుండా చేయడం ఇంకో దారి. ఈ పంటకు కొన్ని షాఫ్టులు 316తో, కొన్ని 304కు గ్రీజు పెట్టి, కొన్ని ఏమీ మార్చకుండా వదిలాం. మూడు రకాలకూ కొత్త బుష్‌లు, ఒకే గుండ్రం, ఒకే టర్నర్. ప్రతి షాఫ్టు చివర నంబరు పంచ్ కొట్టి, నడిచిన గంటలు రాసుకునే పుస్తకం మోటారు షెడ్డులో వేలాడదీశాం.